సాగనంపబోయి యూరప్ తిరిగినవాడు

పేరేసంద్ర పురుషోత్తమ్‌కు ఏ పనైనా అప్పజెప్పవచ్చు గానీ మనుషులను సాగనంపే పని మాత్రం అప్పజెప్పకూడదు. అప్పజెప్పితే పోయేవాళ్లతోపాటు ఆయనా పోతాడు.

సాగనంపడమంటే పేరేసంద్ర, బాగేపల్లి పక్క ఊళ్లలో చిన్న విషయం కాదు. బస్సు నిలవకముందే దాని వెంట పరుగెత్తి కిటికీలోంచి సీటు మీద తువ్వాలు విసరాలి. ఎండ ఏ పక్క పడుతుందో ఆలోచించి నీడ పక్కనే పట్టాలి. ముందు తానెక్కి, సంచి పైన సర్ది, చుట్టాన్ని కూర్చోబెట్టి, పక్క సీటాయన్ను "యా ఊరప్పా మీది?" అని విచారించి, కండక్టరుతో "మా అత్త, భద్రంగా దింపల్ల" అని చెప్పి, అప్పుడు దిగాలి. ఇదంతా అందరూ చేసేదే. ఆ చివర చెప్పిన దిగడమనే పని దగ్గరే పురుషోత్తమ్‌కు తేడా వచ్చేది. అత్తను బాగేపల్లి బస్సెక్కించబోయి బాగేపల్లిలో తేలేవాడు.

ఈ అలవాటును మూటగట్టుకుని ఆయన చదువుకోడానికి జర్మనీ పోయాడు. మన బస్సు కదిలాక కూడా ఎవరైనా కేక వేస్తే నిలుస్తుంది. అక్కడి రైలు నిలవదు. వేళ కాగానే తలుపులు వాటంతటవే మూసుకుంటాయి, లోపల ఎవరి సంచి ఎవరు సర్దుతున్నారో వాటికి అక్కర్లేదు. పురుషోత్తమ్ యూరప్ మొత్తం చూసింది ఇట్లాగే. అందరూ డబ్బు కూడబెట్టి, పటాలు చూసుకుని, సెలవులు కలిపి తిరిగే దేశాలను ఆయన ఇంట్లో తొడుక్కునే చెప్పులతో తిరిగాడు.

ఈ సంగతులన్నీ చింతామణి చైత్రకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియవు. ఇద్దరూ డ్రెస్డెన్‌లో ఒకే విశ్వవిద్యాలయంలో చదివారు, ఒకే హాస్టల్లో ఒకే వంటగదిలో గరిటె తిప్పారు. ఇప్పుడాయన పేరేసంద్రలో గులాబీలు పండిస్తున్నాడు, ఆమె చింతామణిలో టొమాటో గుజ్జు తయారుచేసే చోట పని చేస్తోంది. తెలిసిన మనిషి గనకనే ఒక ఆదివారం పొద్దున పురుషోత్తమ్ తల్లి జయలక్ష్మమ్మ ఆమెకు ఫోన్ చేసింది.

"అమ్మా చైత్రా, బాగేపల్లి సంబంధం ఒకటి వచ్చిండాది. పాప పేరు మంజుశ్రీ, కాలేజీలో పాఠం చెప్తాది. మావాడికి శానా నచ్చింది. ఆ పాప ఈ దినం నిన్నడిగేకి వస్తాదంట. రెండు మంచి మాటలు చెప్పు తల్లీ."

"చెప్తానమ్మా, దానికేమి!"

"రైళ్ల సంగతి మాత్రం ఎత్తొద్దు. ఇది గూడా పోతే వాడింక పెండ్లే వద్దంటాండాడు."

జయలక్ష్మమ్మ భయం ఊరికే పుట్టింది కాదు. అంతకుముందు నాగరగెరె నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల తరపువాళ్లు ఇల్లు చూసి, తోట చూసి, భోంచేసి, సంతోషంగా బయల్దేరారు. పురుషోత్తమ్ వాళ్లను బస్సెక్కించబోయాడు. వాళ్లతోనే నాగరగెరెలో దిగాడు. ఇంటి ముందు ముగ్గేస్తున్న పిల్ల అవ్వ తలెత్తి చూసి, "ఇదేందప్పా, లగ్గం పెట్టకనే అల్లుడు వచ్చేసినాడు!" అంది. ఊరంతా నవ్వింది, సంబంధం పోయింది.

మంజుశ్రీ మధ్యాహ్నానికి వచ్చింది. సూటిగా చూసే మనిషి. కాఫీ చల్లారకముందే అసలు మాటకొచ్చింది.

"చైత్రక్కా, ఆయన మంచోడని మీరు చెప్తారు, నాకు తెలుసు. అది వద్దు. రైళ్ల కథలు చెప్పండి."

చైత్ర గతుక్కుమంది. "రైళ్లా? యా రైళ్లు?"

"జిల్లా అంతా చెప్పుకొని నగుతాండారు. మా నాయన రామచంద్రప్ప అయితే, తెలివి లేని మనిషికి పిల్లనియ్యను అంటాండాడు. నాకు నిజం తెలియల్ల."

అబద్ధం చెప్తే ఈ పిల్ల పట్టేస్తుందని చైత్రకు అర్థమైంది. నిజమైతే ఆ కథలు చెప్పక చాలా రోజులైంది, చెప్పాలని ఆమెకూ నాలుక దురదగానే ఉంది. జయలక్ష్మమ్మకు మనసులోనే దండం పెట్టుకుని మొదలుపెట్టింది.

మొదటిది ప్రాగ్. గౌరిబిదనూరు దగ్గర హొసూరు నుంచి వచ్చిన అమరేష్ అని ఒకడుండేవాడు. ప్రాగ్‌లో వాడికో అన్న ఉంటే చూడబోయాడు. పురుషోత్తమ్ అతన్ని రైలెక్కించబోయి, సంచి సర్ది, ఎదురు సీటు తెల్లాయన్ను ఏ ఊరని విచారిస్తుండగా రైలు కదిలింది. ఆ సాయంత్రం చైత్రకు ఫోటో వచ్చింది. వెనకాల గొప్ప గడియారం, ముందర పైజామా, స్నానాల గదిలోకి తొడుక్కుపోయే రబ్బరు చెప్పులు.

"అన్నా, యాడుండావు?" అని ఫోన్ చేసింది.

"ప్రాగ్‌లో అమ్మా. దిగేకి కాలేదు. పొయ్యి మీద పప్పు పెట్టొచ్చినా, కొంచెం ఆర్పు."

రెండోది వియన్నా. హాస్టల్ పక్కింట్లో హెల్గా అని పెద్దావిడ ఉండేది. భర్త పోయాక కూతురి దగ్గర ఉండటానికి బయల్దేరింది. పురుషోత్తమ్ ఆవిడకు నీడ పక్క సీటు పట్టాడు. మంచు దేశంలో ఎండ కోసం ముఖం వాచి ఉంటారు జనం. ఆవిడ ఎండ పక్కకు మారింది, ఈయన "కండ్లు మండుతాయమ్మా" అని తెలుగులోనే బతిమాలి నీడకు మార్చాడు, ఆవిడ మళ్లీ మారింది. ఈ మార్పిళ్ల మధ్య తలుపులు మూసుకున్నాయి. రాత్రికి వియన్నాలో ఆవిడ కూతురు పులుసులో పిండిముద్ద వేసి పెట్టింది. ముద్ద కనిపించగానే మనవాడికి ప్రాణం లేచొచ్చింది. రాగిముద్దను ఇంట్లో ఎట్లా మింగుతాడో అట్లాగే, పంటికి తగలకుండా గుటుక్కున మింగాడు. కూతురు కుర్చీ తోసుకుని లేచి, గొంతులో ఇరుక్కుందనుకుని వీపు మీద దబదబా బాదింది. ఆ దెబ్బలు ఆగాక ఆయన ఇంకో ముద్ద అడిగాడు.

మంజుశ్రీ నవ్వింది. చైత్రకు ధైర్యం వచ్చింది. ఆ వంటగది కళ్ల ముందుకొచ్చింది. కిటికీ బయట మంచు, లోపల ఒకే గిన్నెలో చిత్రాన్నం, గిన్నె చుట్టూ ఆరుగురు. ఆ రోజుల్లో అందరికీ ఏదో ఒక దిగులు ఉండేది, అయినా ఎంత నవ్వేవాళ్లో. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వులే గుర్తొస్తాయి, ఆ మనుషులంతా తలో దేశంలో ఉన్నారని గుర్తొచ్చి గుండె బరువెక్కుతుంది.

"ఇంక ప్యారిస్ కథ ఉండాది," అంది చైత్ర. "దాంట్లో నేనే పోతాండేది."

అప్పుడామె గణాంకశాస్త్రంలో రెండోసారి తప్పింది. మూడోసారి తప్పితే చదువు ఆఖరు. అందరితో ప్యారిస్ చూసొస్తానని చెప్పింది. నిజానికి వెనక్కి రాకూడదని, అక్కడినుంచే విమానమెక్కి చింతామణికి వచ్చేయాలని లోలోపల నిర్ణయించుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పురుషోత్తమ్ స్టేషనుకు వచ్చాడు, పెద్ద సంచి పైన సర్దాడు, ఎప్పటిలాగే రైల్లో ఇరుక్కుపోయాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రైలు మారాలి. అక్కడ "సీటు సూపించి దిగేస్తా" అని ప్యారిస్ రైలెక్కి, దాంట్లోనూ ఇరుక్కుపోయాడు.

"ఒక్క దినంలో రెండు రైళ్లలో ఇరుక్కుండే మనిషి ప్రపంచంలో ఇంకొకడుండడు," అంది చైత్ర నవ్వుతూ. "ప్యారిస్‌లో ఆ ఇనుప గోపురం కింద వానకు తడస్తా నిలుచున్యాడు. నేను ఏడుస్తాండా. ఈయన తల పైకెత్తి చూసి, 'ఇంత ఇనుము పెట్టినారు, కింద నిలబడేకి నీడ లేదు చూడమ్మా' అన్యాడు. నవ్వాగలేదు నాకు. అన్న తనకు తిరిగొచ్చే దారి గూడా తెలీదంటే, ఇంకేం చేసేది, వెంట పిలుచుకొని డ్రెస్డెన్ వచ్చేసినా. చదువు గూడా పూర్తి చేసినా."

మంజుశ్రీ నవ్వలేదు. పాఠం చెప్పేటప్పుడు వెనక బెంచీ వైపు చూసినట్టు చూసింది.

"అక్కా, ఫ్రాంక్‌ఫర్ట్‌లో రైలు మారేటప్పుడు ఆయన దిగినాడు కదా?"

"దిగినాడు."

"దిగినోడు ఇంటికి పోకుండా మళ్లా ఎందుకెక్కినాడు?"

చైత్ర ఇన్నేళ్లుగా ఈ కథను పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో, ఆఫీసు భోజనాల దగ్గర చెప్పింది. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆమెకూ తోచలేదు.

"ప్రాగ్ పోయే రైలు దారిలో యాడా నిలవదా?"

"నిలుస్తాది. అరగంటకే ఒక స్టేషనుండాది."

"ఆ అమరేష్ ఎందుకు పోతాండె?"

చైత్ర గొంతు తగ్గింది. "వాళ్లమ్మ కాలం చేసిన వారం అది. ఊరికి పోయేకి కాలేదు వానికి. వాళ్లన్న దగ్గరన్నా ఉందామని పోయినాడు."

"మీ పెద్ద సంచి పైకెత్తింది ఎవురు?"

సంచి ఎత్తింది పురుషోత్తమే. రెండు రోజులకు పోయే మనిషి సంచి అంత బరువుండదని ఎత్తినవాడికి తెలియకుండా ఉండదు. తెలిసి, ఒక్క మాట అనకుండా, తలుపులు మూసుకునేదాకా పట్టీలు సర్దుతూ నిలబడ్డాడు. దారి తెలియదన్న మనిషి ప్రాగ్ నుంచీ వియన్నా నుంచీ ఒంటరిగా తిరిగొచ్చినవాడే కదా అని చైత్రకు అప్పుడే తట్టింది. ఆమెకు కళ్లు చెమర్చాయి, దాంతోపాటే ఒళ్లు మండింది. ఇన్నేళ్లు వెర్రివాడని నవ్వుతుంటే తలూపుతూ ఊరుకున్నాడే అని మండింది.

"మరి ఎవుర్నైనా ఎక్కించి, సరిగ్గా దిగిండేది ఎప్పుడన్నా ఉండాదా?" అంది మంజుశ్రీ.

"నందీశ్ అని ఒకడు. స్నేహితులతో కలిసి ఆమ్‌స్టర్‌డ్యామ్‌కు సంతోషంగా గంతులేస్తా పోయినాడు. వాన్ని ఎక్కించి, దిగి, కాఫీ తాగి, రైలు కదిలేదాకా చెయ్యూపినాడు." చైత్రకు ఆ రోజు బాగా గుర్తుంది. పురుషోత్తమ్ బాగుపడ్డాడని హాస్టల్లో పాయసం చేసుకున్నారు.

మంజుశ్రీ లేచి చీర సర్దుకుంది. "మూడు గంటలకు నాకు బాగేపల్లి బస్సు. ఆయనకు ఫోన్ చెయ్యండి. ఎక్కించేకి రమ్మనండి."

పురుషోత్తమ్ ఆ రోజు గులాబీ అంటుమొక్కల కోసం చింతామణిలోనే ఉన్నాడు. బస్టాండుకు పరుగెత్తుకొచ్చాడు. మంజుశ్రీని చూసి సగం మాటలు మింగేశాడు గానీ బస్సు మలుపు తిరగడం చూడగానే మనిషి మారిపోయాడు. దాని వెంట ఉరికాడు, కిటికీలోంచి తువ్వాలు విసిరాడు.

"కుడి పక్క కూచోండి. సాయంత్రం దాకా ఎండ ఎడమ పక్కే," అన్నాడు. సంచి సర్దాడు. పక్క సీటు పెద్దమ్మను ఏ ఊరని అడిగాడు. "కండక్టరన్నా, టీచరమ్మను భద్రంగా దింపల్ల."

ఆ తర్వాత, చైత్ర చూస్తుండగానే, చక్కగా బస్సు దిగేశాడు.

నాగరగెరె దాకా పోయిన మనిషికి నచ్చిన పిల్లను ఎక్కించిన ఈ రోజే దిగడం గుర్తొచ్చిందా? "అన్నా, ఎందుకు దిగితివి!" అని చైత్ర నెత్తి కొట్టుకుంది. నాగరగెరె అవమానం తర్వాత తల్లి ఒట్టు వేయించుకుందేమో అనుకుంది.

కిటికీ అద్దం బర్రున జరిగింది. మంజుశ్రీ తల బయటపెట్టింది.

"ఏమండీ, దిగేస్తిరే?"

పురుషోత్తమ్ తువ్వాలు నలుపుకుంటూ, "మీరు నగుతాండారు కదా. తోడెందుకు?" అన్నాడు.

అన్నాక గానీ ఆయనకు తానేమన్నాడో తెలియలేదు. చైత్ర వైపు చూశాడు, దొరికిపోయిన ముఖంతో. చైత్ర తల పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

"మరి నాగరగెరెవాళ్లు ఏడుస్తాండ్రా?" అంది మంజుశ్రీ.

"వాళ్ల తాతకు బస్సంటే కడుపులో తిప్పుతాదంట. నిమ్మకాయ పట్టుకొని కూచున్యా పక్కనే."

బస్సు కదిలింది. మంజుశ్రీ ఇంకొంచెం బయటికి వంగి గట్టిగా అంది.

"నేను నగుతాండానని ఎవురు చెప్పినారు మీకు? నాకు శానా బెంగగా ఉండాది. మా నాయనకు ఏం చెప్పల్లో తెలీకుండా ఉండాది. ఎక్కండి!"

పురుషోత్తమ్ నిలబడిపోయాడు. చైత్ర వెనకనుంచి తోసింది. కండక్టరు "రాప్పా, రా" అని చెయ్యి అందించాడు. కదిలే బస్సులోంచి దిగడం రాని మనిషి కదిలే బస్సులోకి ఎక్కడంలో మాత్రం ఏమీ తడబడలేదు. చైత్ర దుమ్ములో నిలబడి చెయ్యి ఊపింది.

పొద్దుగూకే వేళ ఫోన్ వచ్చింది.

"చైత్రా, దిగేకి కాలేదమ్మా."

"నాకు తెలుసులే అన్నా. యాడుండావు? వాళ్ల నాయన ఏమన్నాడు?"

"మొదట ఏమీ అన్లేదు. కాఫీ ఇచ్చినారు. ఆ పాప వాళ్ల నాయన్ను లోపలికి పిలుచుకొని పోయి శానాసేపు మాట్లాడింది. ఆ తర్వాత ఆయప్ప వచ్చి, పదప్పా, నేనే బస్సెక్కిస్తా అన్యాడు."

"పంపించేసినాడా?"

"సీటు పట్టినాడు. పక్కాయన్ను యా ఊరని అడిగినాడు. కండక్టరుకు చెప్పినాడు." పురుషోత్తమ్ గొంతు తగ్గించాడు. "బస్సు పేరేసంద్ర దగ్గరికి వచ్చేసిండాది చైత్రా, ఆయప్ప ఇంకా దిగలేదు. మా నాయనతో మాట్లాడల్లంట. అమ్మకు ఫోన్ చేసి అన్నం ఎక్కువ వండమని చెప్పు."