గద్దె ఎక్కిన చెప్పులు

లాడ్ బజార్‌లో గాజుల వైకుంఠం ముందు ఏ ఇల్లాలు చెయ్యి చాపినా, అరచేతిని ఒక్కసారి నొక్కి, "రెండు ఆరు" అనో "రెండు నాలుగు" అనో ఆయన కొలత చెప్పేవాడు. ముప్పై ఎనిమిదేళ్లలో ఆ వేళ్లు ఒక్కనాడూ తప్పలేదు. ఆ విద్వత్తు వీసమెత్తయినా పాదాలకు దిగలేదు. పన్నెండేళ్ల చక్కెరవ్యాధి వాటి స్పర్శజ్ఞానాన్ని మెల్లగా హరించింది. మన కవులు పాదాలను పద్మాలని పొగిడి పొగిడి అలసిపోయారు గాని, ఒక్కరైనా వాటిని తిరగేసి అడుగుభాగం చూసిన దాఖలా లేదు. వైకుంఠమూ చూడలేదు.

చూసింది ఆయన భార్య లక్ష్మీకాంతమ్మ. శాలిబండలోని ఇంట్లో, గుమ్మంనుంచి వంటగది దాకా గచ్చుమీద ఎర్రటి చుక్కలు కనిపించాయి. ఈ వయసులో పారాణి ఎవరు పెట్టుకున్నారా అని ఆమె వెతుక్కుంటూ వెళ్లింది. భర్త మడమలో, గాజులకు అతికించే అద్దంముక్క దర్జాగా మెరుస్తోంది.

"ఎప్పుడు దిగిందయ్యా ఇది?"

"ఏమో. నొప్పి లేదు గద, ఫికర్ ఎందుకు?"

"గోడకు గూడ నొప్పుండది. మేకులు కొడుతనే ఉంటరు!"

డాక్టరు గాయం కడిగి, కట్టు కట్టి, కళ్లద్దాల మీదుగా చూశాడు. "ఇంకొన్నాళ్లు గిట్లనే తిరిగితే పాదమే తియ్యాల్సొచ్చేది. ఇగ ఒక్క అడుగు గూడ ఒట్టి కాళ్లతోని వెయ్యొద్దు. ఇంట్లోనైనా, దుకాణంలోనైనా. రోజూ అరికాళ్లు చూసుకోండి. చెప్పులు తొడిగే ముందు దులపండి."

ఇంటివరకు సరే. దుకాణంలో తెల్లదుప్పటి పరిచిన గద్దె, దానిపైన తాతలనాటి లక్ష్మీదేవి పటం. కొనేవాళ్లే చెప్పులు కింద విడుస్తారు.

"అమ్మవారి ముంగట చెప్పులా? పాదం పోతె పాయె!" అన్నాడు వైకుంఠం.

"పోయినంక అమ్మవారి దగ్గరికి పాక్కుంట పోతవా?"

శుక్రవారం లక్ష్మీకాంతమ్మ దుకాణానికి కొత్త మెత్తటి చెప్పులు తెచ్చింది. లోపల కుట్టు ఎక్కడైనా గుచ్చుకుంటుందేమోనని వేళ్లతో తడిమి చూసింది. ఇత్తడి పళ్లెంలో పెట్టి, పసుపు కుంకుమలద్ది, పటం ముందు కర్పూరం వెలిగించింది.

"దసరాకు తరాజుకు పూజ చేస్తలేమా? ఇవి గూడ దుకాణం సామానే. బజారు మన్ను తొక్కని చెప్పులు."

పక్కదుకాణం కైలాసం తల లోపలికి పెట్టాడు. "వైకుంఠం భాయ్, హారతి నీకా, చెప్పులకా?"

"చెప్పులకే. నాకైతె ప్రసాదం గూడ పెడ్తలేరు!"

వైకుంఠం పటం వంక దొంగచూపు చూసి, ఊపిరి బిగబట్టి, చెప్పులతో గద్దె ఎక్కాడు. పిడుగు పడలేదు. రెండు డజన్ల బేరం మాత్రం తెగింది.

మరునాడు చెప్పు దులిపితే, టింగుమని ఒక అద్దంముక్క రాలింది. వైకుంఠం దాన్ని వేళ్లమధ్య తిప్పి చూశాడు. నిన్న అద్దం ఊడిందని పక్కన పెట్టిన పచ్చగాజుది. బంక రాసి దాని చోట దాన్ని అతికించాడు. కొనేవాళ్లకిచ్చే చేతిఅద్దాన్ని అందుకొని, ముందు కుడి అరికాలు, ఆ పైన ఎడమది, పద్మాలను చూసినంత శ్రద్ధగా చూసుకున్నాడు.