తెలుగిల్లని రెండుసార్లు కొట్టిన మందు

ల్యాబులో ఎలుకలు తినేస్తున్నాయని, తేనెపట్టు మైనం తినే నా పురుగులను సీసాల్లో పెట్టి ఈ హిందీ ఊళ్లో కాసిడీహ్ పేటలోని మా ఇంటి వరండాలోకి తెచ్చుకున్నాను. బలహీనపరిచిన బ్యాక్టీరియాను వాటికి ముందే ఎక్కిస్తే, తర్వాత అసలు జబ్బును తట్టుకుంటాయా అన్నదే నా పరిశోధన. మూడు నెలల పని. రేపే చివరి సూది.

ఈ సాయంత్రం ఇంటికొచ్చేసరికి వీధుల్లో దోమల మందు కొట్టే మన తెలుగువాడు అప్పన్న గుమ్మంలో నవ్వుతూ నిలబడ్డాడు.

"మనోల్లిల్లని రెండుసార్లు కొట్టీసినానమ్మా. ఆ సీసాలకి పురుగులు పట్టీసినాయి, మూతలిప్పి మరీ కొట్టినాను!"

పరుగెత్తి సీసాల్లోకి చూశాను. ఒక్క పురుగూ కదల్లేదు. అక్కడే కూలబడి ఏడ్చాను.

"ఏటమ్మా, పురుగులు సత్తే ఏడుత్తన్నారేటి?"

పురుగులకు జబ్బును తట్టుకోవడం నేర్పాను గానీ అప్పన్న అభిమానాన్ని తట్టుకునే సూది ఎక్కడ తేను? రేపు మా గైడుగారికి ఏం చెప్పాలో మీరైనా చెప్పండి.