ఖాళీ మడి మీద నల్లకోటు

దాలయ్యకు దేన్నైనా కప్పకుండా ఉంచడం చేతకాదు. పెందుర్తిలోని తన మొక్కల నర్సరీలో వేపనారుకు చీరముక్క, సరుగుడుకు గోనెపట్టా, స్కూటరుకు దుప్పటి; అతిథి సగం తాగిన టీగ్లాసుకు సైతం ఆయన మూత వేసేవాడు. కప్పిన ప్రతి మడిలోనూ జ్వరం చూసే థర్మామీటరు గుచ్చి, విదిలించి, మళ్లీ గుచ్చేవాడు.

“నేలకి జొరమేటి మావయ్యా?” అని ఆయన ఇంట్లోనే ఉండే మేనకోడలు ఆశ అడిగేది.

“తెల్లగుడ్డ కింద సల్లగా ఉంతాది, నల్లగుడ్డ కింద ఉడికిపోతాది. మొక్క ఏరు తట్టుకోవద్దేటి?”

న్యాయశాస్త్రం చదివిన ఆశకు ఈ వాదనలో హేతువు కనిపించేది. కానీ తొంభై ఎనిమిది ఏప్రిల్ నెలలో ఆయన విత్తనమే వేయని మడికి రకరకాల నల్లగుడ్డలు కప్పసాగేసరికి ఆమెకు అంతా అయోమయమైంది.

“మొలకే లేదు కదా! ఎవరిని కాపాడుతున్నట్టు?”

“ఉండవే తల్లీ, కంగారెట్టకు.”

ఆశకు కంగారుగానే ఉంది. చేపలమ్మే చిట్టమ్మను బజారులో ఆమె కూర్చునే చోటు నుంచి మునిసిపాలిటీవాళ్లు లేపేయకుండా ఆపాలి. అది ఆశ వాదిస్తున్న మొదటి కేసు. క్రితం వాయిదాకు ఆశ నల్లకోటులో ఉడికి, కళ్లు తిరిగి కూలబడింది. జడ్జిగారిచ్చిన ఆఖరి గడువు రేపే. మధ్యాహ్నం చూస్తే కోటు లేదు.

“అత్తా, నా కోటేది?”

“గుడ్డ కనపడకపోతే ఎక్కడ ఎతకాలో తెలీదేటే?” అంది దాలయ్య భార్య కాంతం.

ఆ ఖాళీ మడి మీద కోటు చేతులు బార్లా చాపి పడుకుంది. పక్కన దాలయ్య, కత్తెరతో.

“మావయ్యా! ఇది దొంగతనం! ఆపైన ఆస్తి ధ్వంసం!”

“కేసు తరవాతెట్టు. ముందు దీని కింద సెయ్యెట్టి సూడు.”

మట్టి పెనంలా కాలింది.

“లోపల నైలాను లైనింగు. థర్మామీటరు ఆకరి గీత దాటేసినాది. నల్లగుడ్డ కింద మల్లుపంచె ఏసి సూస్తే జొరం దిగినాది. నువ్ పడిపోనావని సిట్టమ్మ సెప్పినాది కదా. మొక్కవైతే పందిరేసీవోణ్ణి. కోర్టులో ఏటేసి కప్పనూ?”

ఆశే కత్తెర అందుకుని లైనింగు కుట్లు విప్పింది. సాయంత్రానికల్లా ఆయన కొత్త పంచె ఆమె కోటులోకి చేరింది.

మర్నాడు ఆమెకు చెమట పట్టకపోలేదు. గొంతు మాత్రం ఆగలేదు. చిట్టమ్మను కదపరాదని ఉత్తర్వు వచ్చింది.

ఆదివారం నర్సరీలో మరిన్ని నల్లకోట్లు బోర్లా పడుకుని ఉన్నాయి.

“ఆ పెద్దదెవరిది మావయ్యా?”

“నీ మీద ఓడిపోన ప్లీడరుగారిది. ఆయనకీ పట్టేది సెమటే కదే!”