ఐదో వచనం

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద చెప్పులు వెతుక్కుంటుంటే ఒక చిన్న వయసు తల్లి వచ్చి పక్కన నిలబడింది. చంకలో ఒకడు, కొంగు పట్టుకుని ఇద్దరు. "తాతగారూ, మీరు ఏడుగురు పిల్లల్నీ ఇంట్లోనే చదివించారంట కదండీ. మేమూ అలాగే అనుకుంటున్నామండి. మీకు భయం వెయ్యలేదా?" అని అడిగింది. "అంతా దేవుడి దయమ్మా" అని తప్పించుకుని వచ్చేశాను. ఇంటికొచ్చి ఆ రోజుల డైరీలు దించి చూసుకుంటే సిగ్గేసింది. దేవుడి దయ నిజమే. భయం కూడా అంతే నిజం. ఆ పిల్లకి సగమే చెప్పాను.

అప్పట్లో మేం గోదావరి పాయల మధ్య ఒక లంకలో ఉండేవాళ్లం. నేను అవతలి ఒడ్డున మండలాఫీసులో గుమాస్తాని. లంకలో బడి ఐదో తరగతితో సరి. ఆ పైన చదవాలంటే పడవెక్కి రేవు దాటాల్సిందే. తొంభైల్లో ఒక వానాకాలం సాయంత్రం, పిల్లల్ని తీసుకొస్తున్న పడవ వరద ఎర్రనీళ్లలో పక్కకి ఒరిగిపోయింది. అందర్నీ పైకి లాగారు గానీ మా పెద్దాడు అరగంట దాకా కనిపించలేదు. చివరికి దిగువన కొబ్బరి దుంగ పట్టుకుని తేలాడు. ఆ అరగంటా మా ఆవిడ ప్రార్థన కూడా చెయ్యలేదు, గట్టు మీద గడ్డి పీకుతూ కూర్చుంది. వాడి తల తుడుస్తూ మాత్రం, "ఇక నా పిల్లలు బడి కోసం ఈ నీళ్లు దాటరండి" అంది. ఆవిడ టీచర్ ట్రైనింగ్ చేసిన మనిషి. లంక బడి మాస్టారు కూడా పడవ మీదే రావాలి గనక సగం రోజులు బడే ఉండేది కాదు. దాంతో చిన్నవాళ్లని కూడా మాన్పించి, వసారాలో చాప పరిచేసింది.

నేను పద్ధతి గల మనిషినని పేరు. గంటకో సబ్జెక్టు చొప్పున టైంటేబుల్ రాసి గోడకి అంటించాను. వారం తిరక్కుండానే అది పనికిరాదని తేలిపోయింది. పెద్దాడికి రాస్తేనే వస్తుంది. రెండోవాడికి కూర్చుంటే ఏదీ రాదు, ఎక్కాలన్నీ నూతి చుట్టూ తిరుగుతూ అప్పజెప్పేవాడు. మూడోది పాఠం వినేది కాదు, వినకుండానే తన కిందవాళ్లకి చెప్పేసేది, అలా చెబుతూ నేర్చుకునేది. పాలకొల్లులో హెడ్మాస్టరుగా ఉన్న మా అన్నయ్య ఒకసారి వచ్చి చూసి, "పిల్లల్ని గంప కింద కోళ్లలా పెంచుతున్నావేంట్రా! రేపు గంప ఎత్తాక ఎగరగలరా?" అన్నాడు. అందరం నవ్వాం. నేను నవ్వాను గానీ రాత్రి ఆ మాట డైరీలో రాసుకున్నాను. ఆ ఏడుగురిలో నాకు దిగుల్లేనిది ఐదోదాని ఒక్కదాని గురించే. పదేళ్ల పిల్ల. గొంతు గంటలా ఉండేది.

సాయంత్రం దీపాల వేళకి కుటుంబ ప్రార్థన. తొమ్మిదిమందిమి, తొమ్మిది వచనాలు. పెద్దాడితో మొదలై వరసగా చిన్నాడి దాకా, తర్వాత మేమిద్దరం. ఏ రోజు ఏ అధ్యాయమో నెల ముందే రాసి గోడకి అంటించేవాణ్ణి. ఐదోది తన వంతు ఐదో వచనం తడుముకోకుండా చదివేది. డైరీలో దాని పేరు ఎదురుగా ప్రతి నెలా ఒకటే మాట: "పఠనం చాలా బాగుంది."

ఒకరోజు చిన్నాడు కునికిపాట్లు పడుతున్నాడని, "ఇవాళ వీడితో మొదలెడదాం" అన్నాను. వాడు మొదటి వచనం అమ్మ చెబుతుంటే వెనకే చెప్పాడు. ఆరోది రెండో వచనం చదివింది. ఐదోది పేజీ మీద వేలు పెట్టి, అదే గంటలాంటి గొంతుతో, ఐదో వచనం చదివింది. పిల్లలు కిసుక్కుమన్నారు. "నీది మూడో వచనమమ్మా" అన్నాను. వేలు పైకి జరిపింది. మళ్లీ ఐదో వచనమే, ఒక్క మాట పోకుండా. ఈసారి ఎవరూ నవ్వలేదు. నా వైపు చూసి, "ఇవాళ నాది మూడో వచనమని అక్క నాకు చెప్పలేదండి" అంది.

మూడోదాన్ని అడిగితే ఏడుస్తూ చెప్పింది. రోజూ మధ్యాహ్నం జడ వేసేటప్పుడు చెల్లెలి వచనం చదివి వినిపిస్తే అది విని బట్టీ పట్టేస్తుందట, రాతపని కూడా తనే చేసిపెడుతుందట. "దానికి అక్షరాలు కదులుతాయంటండి. మీరు కొడతారేమోనని భయపడింది." ఆ పిల్లని నేను ఏనాడూ కొట్టలేదు. కొట్టకపోయినా భయపడిందంటే, మూడేళ్లుగా నా కళ్లెదుటే ఒక్కతే భయపడుతూ కూర్చుందన్న మాట. నేను "చాలా బాగుంది" అని రాసుకుంటున్నాను.

"అందర్నీ హాస్టల్లో వేసేస్తాను. బడిలో అయితే ఈపాటికి కనిపెట్టేవాళ్లు" అన్నాను. మా ఆవిడ అన్నం కలుపుతూ, "బడికెళ్తే అక్షరాలు కదలడం మానేస్తాయా అండీ?" అంది. మర్నాడే దాన్ని తీసుకుని అన్నయ్య దగ్గరికి వెళ్లాను. పడవలో అది నా చెయ్యి వదల్లేదు. "పెదనాన్నగారు నన్ను ఉంచేసుకుంటారా అండి?" అని రెండుసార్లు అడిగింది. అన్నయ్య రెండో తరగతి వాచకం ఇచ్చాడు. అది బొమ్మ చూసి పాఠంలో లేని కథ ఒకటి అల్లి చెప్పింది. ఆయన దాన్ని లోపలికి పంపి, వాచకం మూసేశాడు. "బుర్రకి లోటు లేదురా. ఇలాంటి పిల్లలు నా బడిలో ఏటా ఉంటారు. వాళ్లని ఏం చెయ్యాలో మాకు తెలీదు. ఫెయిల్ చేస్తాం, అంతే." ఆయన ఎగతాళి కంటే ఆ నిజం నన్ను ఎక్కువ భయపెట్టింది. పిల్లని అప్పగించడానికి వెళ్లినవాణ్ణి, వెంటబెట్టుకునే తిరిగొచ్చాను. అది దారంతా ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

ఆ తర్వాత ఆరేళ్లు. మా ఆవిడ రేవులో తడి ఇసక మీద మంచమంత అక్షరాలు గీసేది. పిల్ల వాటి గీతల మీద నడిచేది, వెనక రెండోవాడు కూడా. రోజుకో అక్షరం, ఒక్కోసారి వారానికో అక్షరం. సోషల్, సైన్సు మూడోది చదివి వినిపించేది. నేను ఆఫీసులో కూర్చుని, ఇది పదో తరగతి ప్రైవేటుగా రాయగలదా, రాయకపోతే దాని బతుకు నేనే పాడుచేసినట్టా అని లెక్క తేలని ఆలోచన చేసేవాణ్ణి. పరీక్షలో ప్రశ్నలు చదివిపెట్టడానికి అక్క పక్కన ఉండదు కదా.

పరీక్ష మొదటి రోజు అవతలి ఒడ్డు ఊళ్లో సెంటరు గోడ పక్కన ఎండలో నిలబడ్డాను. మిగతా తండ్రులు టీ తాగుతున్నారు, పుచ్చకాయలు కొంటున్నారు. నేను ఆ గోడ దగ్గర్నించి కదల్లేదు. గంట కొట్టాక అందరూ వచ్చేశారు గానీ అది రాలేదు. ఇన్విజిలేటరు బయటికి పంపేశాడేమో, లోపల ఏడుస్తూ కూర్చుందేమో అనుకున్నాను. గేటు మూసే మనిషితో పాటు చివరగా వచ్చింది, వేళ్లనిండా సిరా.

"ఏమ్మా?"

"పూర్తవలేదండి. రెండు ప్రశ్నలు వదిలేశాను." వేళ్లు ఓణీకి తుడుచుకుంటూ, "కానీ పేపరంతా నేనే చదువుకున్నానండి" అంది.

ఆ ఏడు రెండు సబ్జెక్టులు పోయాయి. మరుసటి ఏడు గట్టెక్కింది. ఇప్పటికీ నెమ్మదిగానే చదువుతుంది, కానీ ఎవరి సాయమూ అడగదు.

ఎప్పుడైనా అందరూ కలిస్తే మా పిల్లలు ఇసకలో అక్షరాల మీద పరుగులు, నూతి చుట్టూ ఎక్కాలు, జడలేసుకుంటూ పాఠాలు తలుచుకుని పగలబడి నవ్వుతారు. నేను వింటూ కూర్చుంటాను. నేను గుండె చిక్కబట్టుకుని ఎలాగోలా దాటించిన ఆ ఏళ్లే వాళ్లకి ఆటపాటల బాల్యం. ఒక్క కప్పు కింద నాకూ వాళ్లకీ రెండు వేరువేరు కాలాలు గడిచాయన్న సంగతి ఇంత ఆలస్యంగా తెలిసింది.