గురువారం గ్రూపు

మొగుడు తాగుతున్నాడని ఏడ్చే ఆడవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు. మొగుడు తాగుడు మానేశాడని ఏడ్చిన మనిషి మాత్రం సారపాకకు ఇవతలి తండాలో మోతవ్వ ఒక్కతే.

ఆమె తీరే అంత. కోడి గుడ్డు పెడితే అది తమ కోడి గుడ్డేనా అని ఎత్తి చూస్తుంది. రేషన్ బియ్యం తెల్లగా వస్తే ఏం కలిపారోనంటుంది. అనుమానించకుండా ఆమె మింగింది తల్లిపాలొక్కటేనని బిచ్యా తాత అనేవాడు, అదీ ఆమెకు వినపడనంత దూరంలో నిలబడి.

బిచ్యా తాత ఇరవై ఆరేళ్లు ఫైరింజన్ నడిపి రిటైరయ్యాడు. రిటైరై రెండేళ్లయినా ఆయన కుడికాలికి ఆ సంగతి తెలియలేదు. బడి గంటైనా, ఐస్‌ఫ్రూట్ బండి గంటైనా, గంట వినపడితే చాలు, కూర్చున్నచోటే ఆ కాలు నేలను గట్టిగా తొక్కేది. మంచం మీదుంటే మంచం కోడును తన్నేది. అది ఆగాలంటే ఇప్పసారా పడాలి. సారా పడ్డాక కాలు ఆగి నోరు మొదలయ్యేది. కడుపులో ఉన్నదంతా కక్కి, తర్వాత పడుకునేవాడు. మోతవ్వ తిట్టుకుంటూనే దానికి అలవాటు పడిపోయింది.

అలాంటి మనిషి 2007లో ఉగాది దాటాక ఉన్నట్టుండి తాగుడు మానేశాడు. ఎవరికీ చెప్పలేదు, ఒట్టు పెట్టలేదు. గురువారం గురువారం మాత్రం తలకు నూనె రాసి, ఉతికిన చొక్కా తొడిగి, బస్సెక్కి గోదావరి దాటి భద్రాచలం పోయేవాడు.

"ఏడికి పోతున్నవ్ కోటేష్ బాపు?" అని మోతవ్వ అడిగేది. కోటేష్ వాళ్ల కొడుకు.

"గుడికి."

"ఇన్నేండ్లు యాదికి రాని రాముడు ఇప్పుడెట్ల యాదికొచ్చిండు?"

"రిటైరైనోనికి దేవుళ్లందరు ఒక్కటే."

"మరి ప్రసాదమేది?"

"బస్సుల తిన్న."

మోతవ్వ నేరుగా నాగక్క కొట్టుకు పోయింది. తండా మొదట్లో కిరాణా కొట్టు నాగక్కది. సామాను కంటే అక్కడ కబుర్లే ఎక్కువ దొరుకుతాయి.

"వదినా, మొగోడు తాగుడు మానేది రెండిటికే," అంది నాగక్క ఉల్లిగడ్డలు ఏరుతూ. "కొత్త సామికి, లేకుంటే కొత్త సంసారానికి. మెడల మాలేసిండా?"

"లేదు."

"ఇంకేంది మరి!"

ఆ గురువారం తాత విప్పేసిన చొక్కాను మోతవ్వ కాలర్ దగ్గర, చంకల దగ్గర వాసన చూసింది. ఆడవాసన ఏమీ తగల్లేదు. జేబులో మడత పెట్టిన కాగితం ఒకటి దొరికింది. ఆమెకు చదువు రాదు. వయోజన విద్యలో అక్షరాలు నేర్చిన నాగక్కే కూడబలుక్కుంటూ చదివింది.

"గ్రూ... పు. గురు... వారం. పద... కొండు గంటలకు. ఇక్కడ చెప్పు... కున్నది బయట చెప్ప... రాదు."

చదివి నాగక్క కొట్టు తలుపు సగం దగ్గరికి వేసింది. ఆ రోజుల్లో అడవి అంచున గ్రూపు అనే మాటను ఎవరూ గట్టిగా అనేవారు కాదు. గ్రూపంటే తుపాకులతో అడవిలో తిరిగేవాళ్లు. వాళ్లకు బువ్వ ఎందుకు పెట్టావని ఒకరొచ్చి అడిగేవారు, ఎందుకు పెట్టలేదని ఇంకొకరొచ్చి అడిగేవారు.

"అన్నకు వయసెంత వదినా?" నాగక్క గొంతు సన్నగా వచ్చింది.

"అరవై."

"గంత ముసలోన్ని తీసుకుంటరా వాళ్లు?"

"డ్రైవరు గద," అంది మోతవ్వ. "బండి నడపనీకి తీసుకుంటరేమో."

నిన్నటిదాకా సవతి ఉందేమోనని కుమిలిన మోతవ్వ, ఇప్పుడు సవతే అయితే బాగుండునని తండా దేవత మేరమ్మ తల్లికి మొక్కుకుంది. సవతైతే జుట్టు పట్టుకోవచ్చు. అడవిలో కలిసిన మొగుణ్ని ఎక్కడని పట్టుకోవడం?

అడిగితే చెప్పడు. సారా పోస్తే తప్పకుండా చెబుతాడు. అందుకని ఆదివారం మేరమ్మకు కోడిని కోయించింది. అమ్మకు పోశాక మిగిలిన సారా మొదట ఇంటిపెద్ద తాగాలి. అది తండా కట్టు, కాదనడానికి లేదు. మోతవ్వ మోదుగాకు దొప్ప నిండా పోసి మొగుడి ముందు పెట్టింది.

"నాకొద్దు మోతీ."

"నేను పోసింది వద్దంటవా, అమ్మ పంచింది వద్దంటవా?"

తాత దొప్ప అందుకున్నాడు. దొప్ప అంచు పొంగి సారా మణికట్టు మీదికి కారింది. ఎక్కడా గంట మోగలేదు. అయినా కుడికాలు నేలను తొక్కసాగింది, బొటనవేలు మట్టిలోకి దిగేంతగా. దొప్ప పెదవి దాకా వెళ్లింది. ఒక్క గుక్క పడితే చాలు, నిజం దానంతటదే వస్తుందని మోతవ్వ కాచుకుని కూర్చుంది.

"తొంబై మూడు దినాలైంది," అన్నాడు తాత.

"దేనికి?"

"తాగక. ఇది తాగితే మళ్ల ఒకటి నుంచి షురూ."

"గ్రూపోళ్లు చెప్పిన్రా ఆ లెక్క?" నోరు జారింది మోతవ్వ.

"నీకెట్ల ఎరుక గ్రూపు సంగతి?"

"గట్లనే ఎరుక! మోకాళ్ల నొప్పులోనివి, తుపాకి మోస్తవా? నన్ను, కోటేష్ గాన్ని స్టేషన్ చుట్టు తిప్పిస్తవా?"

తాత నోరు తెరిచి చూశాడు. నవ్వబోయాడు గాని అది నవ్వు కాలేదు. దొప్పను నేల మీద పెట్టడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

"గా గ్రూపు గాదే. మా పాత ఆఫీసరు తోల్కపోయిండు. నా అసుంటోళ్లు కూసొని మాట్లాడుకుంటరు, గంతే."

"ఏం మాట్లాడుకుంటరు, తాగి సుత నాకు చెప్పనిది?"

తాత దొప్ప వైపు చూస్తూనే చెప్పాడు.

"పదిహేనేండ్ల కింద గుడిసెలు అంటుకున్నయని గంట కొట్టిన్రు. తొవ్వల కల్వర్టు కూలింది. సుట్టు తిరిగిపోయేసరికి అంత అయిపోయింది. ఓ ముసలామె ఎదురొచ్చింది. ఆమె మనుమడు లోపల్నే ఉండిపోయిండు. తిడతది, మన్ను పోస్తది అనుకున్న. ఆమె చెంబుతోని నీళ్లు తెచ్చింది. 'శాన దూరం నుంచొచ్చినవ్ బిడ్డా, తాగు' అన్నది. ఆ నీళ్లు గొంతు దిగలే మోతీ. అప్పటి సంది సారానే దిగుతాంది."

మోతవ్వ ఆయన కాలి వైపు చూసింది. అది ఇంకా తొక్కుతూనే ఉంది.

"బ్రేకేస్తున్నవనుకున్న ఇన్నేండ్లు," అంది.

"బ్రేకు గాదే. ఎక్సిలేటరు."

మోతవ్వ దొప్ప తీసుకుని లేచింది. అమ్మకు ఇంకో దొప్ప ఎక్కువైతే ఏం కాదులెమ్మని సారా అంతా మేరమ్మ ముందు పోసేసింది. వచ్చి ఆయన మోకాలి మీద చేయి పెట్టి, కాలు ఆగేదాకా అలాగే కూర్చుంది. అలాగని అనుమానం పోతుందా!

"గురువారం నేను సుత వస్త. ఆడోళ్లున్నరా ఆడ?"

"ప్రమీల సిస్టరమ్మ ఉంటది."

"అగో!"

భద్రాచలంలో ఒక చిన్న దవాఖానా వెనక గది. గుండ్రంగా కుర్చీలు. ఒక రిటైరైన కానిస్టేబులు, ఒక 108 బండి డ్రైవరు, మిలిటరీలో చేసొచ్చి ఇప్పటికీ గోడకు వీపు ఆనిస్తే తప్ప కూర్చోని రవీందర్ అనే మనిషి. తలంతా నెరిసిన ప్రమీల సిస్టరమ్మను మోతవ్వ పైనుంచి కిందిదాకా చూసి, మాఫీ చేసింది. అయినా పారిపోవడానికి వీలుగా తలుపు పక్క కుర్చీయే ఎంచుకుంది.

"చెప్పాలనుంటే చెప్పమ్మా, లేకుంటే విను," అంది సిస్టరమ్మ. "ఈడి మాట బయటికి పోవద్దు. మాకదొక్కటే కట్టు."

ఆ రోజు మోతవ్వ చాలాసేపు మాట్లాడిందట. ఏం మాట్లాడిందో ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

బస్సు దిగేసరికి నాగక్క కొట్టు ముందే కాచుకుని ఉంది. మోతవ్వ నోట్లో అంతవరకు ఏ మాటా పూట కూడా నిలిచింది లేదు.

"ఏమైంది వదినా? ఎవరెవరున్నరు? ఏమన్నరు?"

"ఉల్లిగడ్డలు మంచియి ఏరియ్యి," అంది మోతవ్వ.

"ఏరిస్త గని, ఏం మాట్లాడుకున్నరు?"

"మెత్తయి వద్దు. గట్టియి ఎయ్యి."

నాగక్క ఆమెను కిందికీ మీదికీ చూసింది. కొట్టు తలుపు సగం దగ్గరికి వేసింది.

"వదినా... నిన్ను సుత కలుపుకున్నరా?"

"అవ్," అంది మోతవ్వ.