శ్రీశైలం కారుకు ఇంజన్ వెతుక్కుంటూ హుస్నాబాద్ దాకా

నా తమ్ముడు శ్రీశైలానికి సిద్దిపేటలో వెల్డింగ్ షాపుంది. పాతకాలపు విదేశీ స్పోర్ట్స్ కారు ఒకటి ఫొటోల్లో చూసి, అచ్చం అలాంటిదే పైపులతో, రేకులతో నాలుగేళ్లుగా కడుతున్నాడు. కారు బాడీ అంతా తయారైంది, ఇంజనే లేదు. ఆరేళ్ల కింద లారీ గుద్ది వాడి ఎడమ కాలు సన్నబడింది. అప్పటి నుంచి అందరూ వాణ్ణి వెనక సీట్లో కూర్చోబెట్టి తిప్పేవాళ్లే. ఈ కారు మాత్రం తానే నడపాలన్నది వాడి పట్టు. అడిగినట్టు ఇంజన్ కట్టిచ్చే మేస్త్రీ హుస్నాబాద్ దగ్గర ఉన్నాడంటే మొన్న గురువారం ఇద్దరం బయల్దేరాం.

ఉదయం ఏడున్నరకు బస్సెక్కాం. ఇద్దరికీ నూట అరవై దాకా టికెట్టు, గంటన్నర లోపే ప్రయాణం. గుళ్లల్లో మైకు పట్టుకుని ప్రవచనాలు చెప్పడం నా పని. బస్సులోనూ ఒళ్లో గ్రంథం పెట్టుకుని చెబుతూనే ఉన్నాను. "శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలంటది శాస్త్రం! గుర్రాలల్ల బలం లేకుంటే రథమెందుకు తమ్మీ?" వాడు పత్తి చేలు చూస్తూ, "నీ గుర్రాలు గడ్డి మేస్తయి, నా దానికి పెట్రోల్ పొయ్యాలె అన్నా" అన్నాడు. ముందు సీటామె కిసుక్కున నవ్వింది. దిగి, ఆటోకు ఎనభై ఇచ్చి షెడ్డు చేరేసరికి తొమ్మిదిన్నర.

మేస్త్రీ యాదగిరి రెండు ఇంజన్లు చూపించాడు. రెండూ పూర్తిగా విప్పి మళ్లీ కట్టినవే. పెద్దది స్టార్ట్ చేస్తే పైకప్పు రేకులు వణికాయి. నాకు ఊపొచ్చింది! "ఇదే!" అని తీర్పిచ్చేశాను. శ్రీశైలం ఏదో అనబోతే, "బలహీనతకు తలవంచుడు పాపం తమ్మీ!" అని అందుకుని పావుగంట ప్రవచనం చెప్పాను. పనివాళ్లు పానాలు కింద పెట్టి విన్నారు.

యాదగిరి బీడీ ఆర్పాడు. "స్వామీ, మీ మాట మంచిగున్నది. కానీ మా కాడ ఒక పద్ధతున్నది. నడిపేటోడు గీ సీట్ల కూసొని ఎడమ కాలుతోని నూరుసార్లు క్లచ్ తొక్కాలె. గప్పుడే బయాన పైసలు తీసుకుంట." ఇనుప చట్రానికి బిగించిన పాత సీటు, దాని ముందు పెడల్. ఇంజన్ బలం పెరిగినకొద్దీ క్లచ్ కూడా గట్టిదే కావాలట. ముందు పెద్దదాని క్లచ్ తగిలించాడు.

పదమూడోసారికే వాడి కాలు వణికింది. ఇరవైకి ముఖమంతా చెమట. "ఇంకొంచెం! దేవుడున్నడు!" అని అరిచాను.

వాడు కాలు తీసి నా వైపు తిరిగాడు. "దేవుడున్నడు. కాలు నాది. ఆరేండ్ల సంది అందరు నా బదులు మాట్లాడుతున్రు, నువ్వయితే మైకు కూడ లేకుండనే. జర నోరు మూసుకో అన్నా."

నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. బయటికొచ్చి ఒక పాత టైరు మీద కూర్చున్నాను. లోపల యాదగిరి మార్చి తగిలించిన చిన్న ఇంజన్ క్లచ్ తొక్కుతూ వాడే లెక్కపెట్టుకుంటున్నాడు. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, నూరు! "గిదే కట్టు యాదగిరన్నా. మెల్లగ పోయినా నేనే నడుపుకుంట పోత."

ధైర్యం చెప్పడమంటే ఎదుటివాడికి మాట్లాడే సందు లేకుండా చేయడమని ఏ గురువూ నాకు నేర్పలేదు. నాకు నేనే నేర్చుకున్నాను, మరచిపోవాల్సిందీ నేనే. తిరుగు బస్సులో, ఇంజన్ చిన్నది కాబట్టి బోనెట్ ఎంత కిందికి దించొచ్చో వాడు సిద్దిపేట దాకా చెబుతూనే ఉన్నాడు. నేను విన్నాను. మీరూ ఇలా ఇంజన్ ఎంచుకోవడానికి పోతుంటే, రోజూ వేసుకునే చెప్పులతోనే పోయి, దాని శబ్దం వినకముందే క్లచ్ తొక్కి చూడండి.