అమ్మకానికి లేని చెంబు

పురుషోత్తం గారికి ఉన్న పిచ్చి ఒక్కటే. తెల్లవారగానే ఒక ఇత్తడి చెంబు ఫొటో తీసి దుకాణం పేజీలో పెట్టడం. రోజూ ఒకటే చెంబు. పెట్టేదీ ఆయనే, "ఇది అమ్మము" అని కింద రాసేదీ ఆయనే. కేసముద్రం స్టేషన్ రోడ్డులో ఏళ్ల తరబడి స్టీలు, ఇత్తడి సామాన్లు అమ్ముతున్న మనిషి, లోకానికి చూపించడానికి అమ్మని వస్తువునే ఎంచుకున్నాడు.

పేజీ మొదలుపెట్టింది కోడలు శ్రావ్య. ఇంట్లో వంట, దుకాణంలో గల్లా, మధ్యలో పేజీ. ఒక చేత్తో గ్లాసులు తుడుస్తూ ఇంకో చేత్తో కామెంట్లకు జవాబులిచ్చేది. మహబూబాబాద్‌లో కొత్త షోరూం తెరిచాక పెళ్లి సామాన్ల గిరాకీ అటు మళ్లింది. పేజీతోనైనా దాన్ని వెనక్కి రప్పించాలని ఆమె పట్టుదల. చెంబు అడ్డం పడింది.

"రోజు గదే చెంబా మామయ్యా? మందికి యాష్టకు రాదా?"

"ఇయ్యాల తిప్పి పెట్టిన గద బిడ్డా. నిన్న ఇటు మొకం, ఇయ్యాల అటు మొకం."

"చెంబుకు మొకమేడిది?"

"చూసేటోళ్లకు తెలుస్తది."

చింతపండుతో తోమి, పొడిబట్టతో తుడిచి, పక్కన ఆ రోజు పేపరు నిలబెట్టి మరీ ఫొటో తీసేవాడు. "ఎవల్నో ఎత్కపోయి ఫొటో పంపినట్టున్నది. పేపరెందుకు?" అని శ్రావ్య తల పట్టుకుంది. "ఇయ్యాల్టిదని తెల్వాలె గద" అన్నాడు, అదేదో అందరూ చేసే పనే అన్నట్టు.

ఆమె కష్టపడి డిన్నర్ సెట్ రీల్ తీస్తే మూలన చెంబు. కుక్కర్ రీల్ తీస్తే కుక్కర్ నెత్తిన చెంబు. కుక్కర్ గురించి అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. అందరిదీ ఒకటే ప్రశ్న, "చెంబు రేటెంత?" ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్కరికీ ఓపికగా "అమ్మము" అని రాసేవాడు. ఒకడు ఉండబట్టలేక "మరి దుకాణం ఎందుకు పెట్టినవ్ తాతా?" అని అడిగాడు. "అమ్ముదామనే" అని జవాబిచ్చాడు.

ఇంతలో హన్మకొండ నుంచి హరీష్ అనే ఆయన ఫోన్ చేశాడు. కొత్తగా హోటల్ పెడుతున్నాడు. ముందు బల్ల మీద ఆ చెంబే ఉండాలట. అది ఇస్తే హోటల్‌కు కావలసిన ప్లేట్లు, గ్లాసులు, గిన్నెలు అన్నీ ఇక్కడే కొంటానన్నాడు. పేజీ పుణ్యమా అని వచ్చిన మొదటి పెద్ద బేరం. శ్రావ్య గాల్లో తేలిపోయింది.

పురుషోత్తం ఒక్కటే అన్నాడు. "అమ్మము."

"ఎందుకు మామయ్యా?"

"ఉండనీ బిడ్డా."

మరునాడు ఆయన సరుకు కోసం పొద్దున్నే వరంగల్ రైలెక్కాడు. "చెంబు పోస్టు మరువకు" అని మరీ చెప్పి వెళ్లాడు. రైలు కదిలిందో లేదో శ్రావ్య హరీష్‌కు కబురు పెట్టింది. చెంబు పోతే మామయ్య పిచ్చి కూడా దానితోనే పోతుందనుకుంది. కాగితంలో చుట్టి, దారం కట్టి బల్ల మీద పెట్టింది. చెంబు నీడ కూడా పడకుండా పేజీలో డిన్నర్ సెట్ ఒక్కదాన్నే పెట్టి మురిసిపోయింది.

దుకాణం ఫోన్ మోగింది.

"సేటూ, నా చెంబేమైంది?"

"సేటు ఊరికి పోయిండు. నేను కోడల్ని. మీరెవలు?"

"రాధాబాయిని. తండా నుంచి పట్నం కూలికి వచ్చినం. ఇయ్యాల ఫోన్ల నా చెంబు కనవడ్తలేదమ్మా. పోయిందా?"

"మీ చెంబా?"

"నా లగ్గంల మా అమ్మ పెట్టింది. ఇంటికి తాళమేసి వస్తుంటిమని సేటు కాడ దాచిపెట్టిన. పొద్దున పనికి పోయేముందు దాన్ని చూసుకుంటెనే నిమ్మలంగ ఉంటది."

"ఫోన్ చేసి అడగచ్చు గద అక్కా?"

"రోజు అడిగితె సేటు మీద నమ్మకం లేనట్టుండదా అమ్మా? నేనడగనే లేదు. నా మనసు తెలుసుకొని ఆయనే పెడుతున్నడు."

శ్రావ్య బల్ల మీది పొట్లం వైపు చూసింది. "ఉన్నదక్కా. ఈడనే ఉన్నది. నేనే లేటు చేసిన."

గబగబా దారం విప్పింది. చింతపండుతో తోమింది, తుడిచింది, పక్కన పేపరు నిలబెట్టి పోస్టు పెట్టింది. వెంటనే ఒక లైక్ వచ్చింది. రోజూ మొదట వచ్చే ఆ లైక్ ఎవరిదో శ్రావ్య ఎన్నడూ చూడలేదు.

అంతలో హరీష్ కారు దిగాడు. "ఏదమ్మా చెంబు?"

"అమ్మము, అన్నా."

"నువ్వే గద రమ్మన్నవ్!"

"తప్పయిందన్నా. జర చాయ్ తాగుండ్రి" అని కూర్చోబెట్టి సంగతంతా చెప్పింది. ఆయన చాయ్ మొత్తం తాగి, గ్లాసు తిప్పి తిప్పి చూశాడు. "ఒకల చెంబును గింత పైలంగ చూసేటోళ్లు నాకు నాసిరకం ప్లేట్లు అంటగట్టరు. గని చెంబు ఇయ్యకపోతిరి, రేటన్న జర తగ్గించుండ్రి" అన్నాడు. శ్రావ్య ఆనందంగా తగ్గించింది.

సాయంత్రం మామయ్య గడప ఎక్కుతూనే అడిగాడు. "చెంబు పోస్టు?"

"పెట్టిన. జర లేటయింది. నాకొక్క మాట చెప్తే ఏమైతుండె మామయ్యా?"

"ఆమె ఇల్లు తాళమేసి ఉన్నదని ఊరంత చాటాలెనా?"

"నేనేమన్న ఊరా?"

"నీకు చెప్తే దాని మీద గూడ రీల్ తీస్తవు బిడ్డా."

ఆ రీల్ ఎక్కడ మొదలుపెట్టాలా అని శ్రావ్య అప్పటికే ఆలోచిస్తోంది మరి.

కొన్నాళ్లకు పట్నంలో పనులైపోయి రాధాబాయి తిరిగొచ్చింది. చెంబును కొంగులో పెట్టుకుని, "మీ కడుపు సల్లగుండ" అని ఇద్దరికీ దండం పెట్టి వెళ్లింది. మర్నాడు పొద్దున పురుషోత్తం గారికి చేతులు కట్టేసినట్టయింది. అలవాటు కొద్దీ పేపరు నిలబెట్టాడు, పక్కన పెట్టడానికేమీ లేదు. పేజీలో అప్పుడే గోల మొదలైంది, "చెంబేది తాతా?" అని.

అప్పుడు ఫోన్ టింగుమంది. తండా నుంచి ఫొటో. ఇంటి ముందు అరుగు మీద, నిండా నీళ్లతో చెంబు. పేపరు దొరకలేదేమో, గోడ క్యాలెండర్ తీసి పక్కన నిలబెట్టింది రాధాబాయి. కింద వాయిస్ మెసేజీలో ఆమె గొంతు, "సేటూ, మంచిగున్నది. అందరికి చూపెట్టు."

"చూసినవా బిడ్డా, ఇంటికి చేరింది" అని ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఈ ఇంటికి కోడలిగా వచ్చినందుకు శ్రావ్యకు ఆ పొద్దున కడుపు నిండినట్టయింది. ఆ ఫొటోను తనే పేజీలో పెట్టింది.

నిమిషం కాలేదు, కామెంట్ వచ్చింది. "రేటెంత?"

మామయ్య ఫోన్ అందుకునేలోపే శ్రావ్య జవాబు కొట్టేసింది. "అమ్మము."